పేజ్‌మేకర్ తెరుచుకుంది, తెలుగే రావట్లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. పాత కంప్యూటర్ మూలపడింది, కొత్తది కొన్నారు, అందులో విండోస్ 11 ఉంది, ఇన్నేళ్లూ అన్నం పెట్టిన ప్రోగ్రాము దాంట్లో నడవట్లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది కాబట్టి ఈ ఉత్తరాలు ఇంకా పెరుగుతాయి. అన్నిటికీ జవాబు రాయలేను. నాలుగు ఎంచుకున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను, ఎందుకంటే ఏలూరు రోడ్డు నుంచి అరండల్‌పేట దాకా ప్రతి డీటీపీ సెంటర్‌లోనూ, అంటే కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే ప్రతిచోటా, ఈ బాధ ఉంది. నేను కూడా ఆ పనిలోంచే వచ్చాను.

ప్రశ్న: అమ్మా, గవర్నర్‌పేటలో నాకు చిన్న ప్రెస్సు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు వేస్తాం. 2004 నుంచి విండోస్ ఎక్స్‌పీ మీద, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు, వీటితోనే పని. పోయిన నెల కొత్త కంప్యూటర్ తెచ్చాం. పేజ్‌మేకర్ ఎక్కించాక సేవ్ చేయబోతే ఏదో ఎర్రర్ వచ్చేది. సర్వీసు కుర్రాడు ప్రాపర్టీస్‌లో ఒక టిక్కు పెట్టి వెళ్లాడు, ఆ ఎర్రర్ పోయింది. కానీ ఇప్పుడు తెలుగు కొడితే అక్షరాలు రావట్లేదు, కొమ్ములు, వత్తులు చెల్లాచెదురుగా పడుతున్నాయి. చిత్రమేమిటంటే నోట్‌ప్యాడ్‌లో అదే ఫాంటు పెట్టి కొడితే చక్కగా వస్తోంది. వెనకగది కంప్యూటర్ మీదున్న జెడ్ డ్రైవ్ బయట కనపడుతుంది, పేజ్‌మేకర్‌లోంచి చూస్తే ఉండదు. ఫాంట్లు కూడా సగమే చూపిస్తోంది. పేజ్‌మేకర్ పని అయిపోయిందని అందరూ అంటున్నారు. నాకు 61 ఏళ్లు. ఇప్పుడు మళ్లీ కొత్తది నేర్చుకోవాల్సిందేనా?
— ఒక ప్రెస్ యజమాని, విజయవాడ

జవాబు: అన్నగారూ, మీ పేజ్‌మేకర్‌కి ఏమీ కాలేదు. మీ తిప్పలకి మూలం ఆ టిక్కు. నోట్‌ప్యాడ్‌లో తెలుగు వస్తోందని మీరు రాయడం ఎంత మంచిదైందో చెప్పలేను. ఆ ఒక్క ముక్క లేకపోతే నేను కూడా ఫాంట్ల చుట్టూ తిరిగేదాన్ని.

మీరు మీట నొక్కగానే ఏం జరుగుతుందో చూడండి. మన పాత తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలు పెట్టారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, రావత్తు ఇంకోచోట. మీరు కొట్టిన మీటని కీబోర్డు మేనేజరు, అంటే తెలుగు టైపింగ్ కోసం ఎక్కించుకున్న ప్రోగ్రాము, మధ్యలో పట్టుకుని, దానికి కావలసిన ముక్కలను వరుసగా పేర్చి పేజ్‌మేకర్‌కి అందిస్తుంది. ఆ మధ్యవర్తి పట్టుకోలేకపోతే మీట ఉన్నదున్నట్టు లోపలికి పోతుంది, ఆ గడిలో ఏ ముక్క ఉంటే అది పేజీ మీద పడుతుంది. మీకు పడుతున్న కొమ్ములూ వత్తులూ అవే.

మరి మేనేజరు నోట్‌ప్యాడ్ దగ్గర పట్టుకుని పేజ్‌మేకర్ దగ్గర ఎందుకు వదిలేస్తోంది? ఆ కుర్రాడు పెట్టింది ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్కు. విస్టా వచ్చినప్పటి నుంచి, అంటే 2007 నుంచి, విండోస్‌లో ప్రోగ్రాములకు మెట్లు ఉన్నాయి. కింది మెట్టు మీదున్న ప్రోగ్రాము పైమెట్టు మీదున్నదాని మీటలను పట్టుకోకూడదు. ఏ దొంగ ప్రోగ్రామో మధ్యలో దూరి పాస్‌వర్డులు పట్టేయకుండా పెట్టిన కాపలా అది, మంచిదే. మీ పేజ్‌మేకర్ పైమెట్టు ఎక్కి కూర్చుంది, కీబోర్డు మేనేజరు మామూలు మెట్టు మీదే ఉండిపోయింది. నోట్‌ప్యాడ్ కూడా మామూలు మెట్టే కాబట్టి వాళ్లిద్దరికీ కుదిరింది.

జెడ్ డ్రైవ్ మాయమవడం కూడా దీని పనే. అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రోగ్రామును విండోస్ వేరే లాగిన్ కింద లెక్కేస్తుంది. మీరు మామూలుగా తగిలించుకున్న నెట్‌వర్క్ డ్రైవులు దానికి కనపడవు. ఇంకోటి మీరు రాయలేదుగానీ, బయట ఫోల్డర్‌లోంచి బొమ్మని మౌసుతో లాక్కొచ్చి పేజ్‌మేకర్‌లో వదలబోతే అది కూడా పడదు, చూడండి.

టిక్కు తీసేస్తే మొదటి ఎర్రర్ మళ్లీ వస్తుంది కదా అంటారు. వస్తుంది. దాని సంగతి వేరు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ రోజుల్లో ప్రోగ్రాములు తమ సెట్టింగులను తాము ఉన్న ఫోల్డర్‌లోనే రాసుకునేవి. ఇప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాయడానికి మామూలు ప్రోగ్రాముకి అనుమతి లేదు. ఒక్కోసారి విండోస్ ఆ ఫైలుని చడీచప్పుడు లేకుండా వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కి మళ్లిస్తుంది, ఒక్కోసారి కాదంటుంది. సెట్టింగులు మార్చాను, పొద్దున్నే వచ్చేసరికి లేవు అని ఎవరైనా నా దగ్గరికొస్తే ముందు ఆ వర్చువల్‌స్టోర్‌లోనే వెతుకుతాను.

కాబట్టి ఇలా చేయండి. పేజ్‌మేకర్‌ని తీసేసి మళ్లీ ఎక్కించండి. ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ వద్దు, సీ డ్రైవ్‌లో నేరుగా పీఎమ్7 అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. తర్వాత ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ అనే చోటికి వెళ్లి, యూజర్స్ అన్న పేరుకి ‘మాడిఫై’ అనుమతి ఇవ్వండి. అంతే. ఇక అడ్మినిస్ట్రేటర్ టిక్కు పెట్టకూడదు, కీబోర్డు మేనేజరుకి కూడా వద్దు. రెండూ ఒకే మెట్టు మీద ఉండాలి. రెండిటికీ టిక్కు పెట్టినా తెలుగు వస్తుందిగానీ మీ జెడ్ డ్రైవ్ తిరిగి రాదు, అందుకే నేను ఆ దారి చెప్పను.

అయ్యాక పరీక్షకి ‘శ్రీరస్తు’ అని కొట్టండి. నేను ఏ కంప్యూటర్ సరిచేసినా మొదట కొట్టేది ఆ మాటే. రావత్తు ఉంది, గుడిదీర్ఘం ఉంది, త వత్తు కింద పడాలి, ఆపైన కొమ్ము కుదరాలి. ఆ ఒక్క మాట సరిగ్గా కూర్చుంటే మీ శుభలేఖ మొత్తం కూర్చున్నట్టే.

ఫాంట్లు సగమే కనపడటం వేరే విషయం. విండోస్ 10లో 2018లో వచ్చిన ఒక అప్‌డేట్ దగ్గర్నుంచి, ఫాంటు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అంటే అది మీ ఒక్కరి ఖాతాలోకే పోతుంది, అందరికీ ఉమ్మడిగా ఉండే విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి రాదు. ఆ ఫోల్డర్‌లోనే వెతికే పాత ప్రోగ్రాములకు అది కనపడదు. కనపడని ఫాంట్లను తీసేసి, ఫైళ్లన్నీ ఎంచుకుని, కుడి బటన్ నొక్కి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ అనండి. ఆ మాట వెంటనే కనపడకపోతే ‘షో మోర్ ఆప్షన్స్’ లోపల ఉంటుంది.

ప్రింటింగ్ గురించి మీరు అడగలేదు. కానీ రేపు ప్లేటు తీయడానికి పీడీఎఫ్ చేయబోతే తగిలేది అదే కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. విండోస్‌తో వచ్చే ‘ప్రింట్ టు పీడీఎఫ్’ పెడితే మామూలు అక్షరాలు వస్తాయిగానీ, మీ పాత గణపతి బొమ్మలు ఈపీఎస్ ఫైళ్లయితే (అచ్చు పనికి వాడే ఒక బొమ్మల రకం) గళ్లుగళ్లుగా వస్తాయి. ఆ దారిలో వెళ్లేది స్క్రీన్ మీద చూపించడానికి పెట్టిన నమూనా బొమ్మ మాత్రమే. పోస్ట్‌స్క్రిప్ట్ (అచ్చు పనికి వాడే ప్రింటర్ భాష) ప్రింటర్ డ్రైవరు ఒకటి ఎక్కించి, ప్రింటర్ నిజంగా లేకపోయినా పర్లేదు, దాన్ని ఫైలుకి ప్రింటు చేసేలా పెట్టుకోండి. వచ్చిన ఫైలుని ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్‌గా మార్చుకోండి. అది ఉచితమే. గీతలు, బొమ్మలు పదునుగా వస్తాయి.

ఇక మీ చివరి ప్రశ్న. 61 ఏళ్లకి కొత్తది నేర్చుకోవాలా అని. మీ చేతికి అలవాటైన పని ఈ ఏడాది పేజ్‌మేకర్‌లోనే చేసుకోండి, ఎవరు నవ్వినా పట్టించుకోకండి. కానీ ఫైళ్ల విషయంలో మాత్రం నా మాట వినండి. పేజ్‌మేకర్‌ని దాని కంపెనీ అడోబీ పెంచడం ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. అదే కంపెనీ కొత్త పేజీల ప్రోగ్రాము ఇన్‌డిజైన్. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచి మార్చుకోగలిగిన ఇన్‌డిజైన్‌లలో ఆఖరిది సీఎస్6. ఆ తర్వాత వచ్చినవి తెరవవు. అంటే మీ 20 ఏళ్ల పుస్తకాలకు బయటికి వచ్చే దారులు రోజురోజుకీ మూసుకుపోతున్నాయి. పేజ్‌మేకర్ నడుస్తున్న ఈ రోజుల్లోనే ప్రతి పుస్తకానికీ ఒక పీడీఎఫ్ తీసి పెట్టండి. పుస్తకాల పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ కొత్త కంప్యూటర్ అయినా తెలుగుగానే చదివే పద్ధతిలోకి, మార్చి ఇంకో ఫైలుగా దాచండి. వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ఒకసారి ప్రూఫు చూడాల్సిందే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2009లో అరండల్‌పేటలో నా డీటీపీ సెంటర్‌లో ఒక శ్రావణమాసం, శుభలేఖల రద్దీ మధ్య హార్డ్‌డిస్క్ పోయింది. అందులో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి జ్ఞాపకాల పుస్తకం ఉంది, 212 పేజీలు. బ్యాకప్ సీడీ ఒకటుంది, గీతలుపడి చదవలేదు. మాస్టారు దిద్దిన మూడో ప్రూఫు కాగితాలు బీరువాలో ఉండబట్టి మళ్లీ మొదటి నుంచి కొట్టాను, పదిహేడు రాత్రులు. ఆ కాగితాల అంచుల్లో ఎర్రసిరాతో ఆయన రాసిన దిద్దుబాట్లు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. పుస్తకం బయటికొచ్చింది. కానీ ఆ కాగితాలు కూడా లేకపోయుంటే ఆయనకి నేనేం చెప్పేదాన్నో ఇప్పటికీ తలుచుకోలేను.

ప్రశ్న: మేడమ్, పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. దాన్నే ఇంటర్నెట్‌కి తగిలించి వాడుకుంటే ఇబ్బందేంటి?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం

జవాబు: ఇంటర్నెట్ తీగ ఇవాళే పీకేయమ్మా. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. తర్వాత బయటపడ్డ కంతలు చాలావరకు అలాగే ఉన్నాయి. తీగ లేకుండా ఒక్క పనికే వాడుకుంటే వాడుకోండి. అందులోని ఫైళ్లను మాత్రం ఈ వారమే ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. ఆ వయసు హార్డ్‌డిస్కుని నేను నమ్మను.

ప్రశ్న: మేడమ్, గుంటూరులో మాది మిర్చి కమీషన్ కొట్టు. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, కాటా ఎంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత అన్నీ లెక్కేసి పట్టీ తీసే ప్రోగ్రాము మా నాన్నగారు 1996లో రాయించారు. నల్ల స్క్రీను, ఫాక్స్‌ప్రో అంటారు. రాసినాయన ఇప్పుడు లేరు. కొత్త కంప్యూటర్‌లో పెడితే ఈ యాప్ మీ పీసీలో నడవదు అంటోంది. కంపాటిబిలిటీలో విండోస్ 95 నుంచి అన్నీ పెట్టి చూశాను. సీజన్ మొదలవబోతోంది. డాట్‌మాట్రిక్స్ ప్రింటర్ కూడా పనిచేయాలి.
— ఒక కమీషన్ వ్యాపారి, గుంటూరు

జవాబు: తమ్ముడూ, కంపాటిబిలిటీలో ఎన్ని పెట్టినా లాభం లేదు. అది ఏం చేస్తుందంటే, ప్రోగ్రాము “ఇది ఏ విండోస్?” అని అడిగినప్పుడు పాత పేరు చెప్పడం, పాత పద్ధతిలో అడిగినవాటిని కొత్త పద్ధతిలోకి మళ్లించడం లాంటివి. అది విండోస్ ప్రోగ్రాములకి పనికొస్తుంది. మీది డాస్ ప్రోగ్రాము, అంటే విండోస్‌కి ముందటి పద్ధతిది, 16 బిట్ల కాలంది (16, 32, 64 బిట్లన్నవి పాతనుంచి కొత్తకి ప్రోగ్రాముల తరాలు). 64 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రాములను నడిపే భాగమే లేదు. పాత రోజుల్లో 32 బిట్ల విండోస్ వేసుకుని గట్టెక్కేవాళ్లం. విండోస్ 11కి 32 బిట్ల రకమే రాలేదు.

(ఇలాంటిదే ఇంకో తిరకాసు ఉంది, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. కొన్ని పాత సీడీల్లో అసలు ప్రోగ్రాము 32 బిట్లదే, సెటప్ మాత్రం 16 బిట్లది. సెటప్ తెరుచుకోకపోతే ప్రోగ్రామే నడవదని సీడీ పారేయకండి. పాత కంప్యూటర్‌లో ఎక్కి ఉన్న ఫోల్డర్‌ని తెచ్చి పెడితే కొన్ని అలాగే నడుస్తాయి.)

మీకు కావలసింది డాస్‌ని అనుకరించే ప్రోగ్రాము. డాస్‌బాక్స్ పేరు విని ఉంటారు, అది ముఖ్యంగా ఆటల కోసం చేసింది. లెక్కల పనికి వీడాస్ అని ఉంది, వ్యాపార ప్రోగ్రాముల కోసమే చేసింది. డాస్ ప్రోగ్రాము ఎల్‌పీటీ1 అనే పాత పోర్టుకి పంపేదాన్ని అది విండోస్ ప్రింటర్‌కి అందిస్తుంది. మీ పట్టీలకి అదే ముఖ్యం. కొత్త కంప్యూటర్ వెనకాల ఆ వెడల్పాటి పోర్టు ఉండదు కాబట్టి డాట్‌మాట్రిక్స్‌కి యూఎస్‌బీ ఉంటే ముందు దాన్ని విండోస్‌లో ఎక్కించి, నోట్‌ప్యాడ్‌లోంచి ఒక లైను తీసి చూడండి. అక్కడ రానిది ఇక్కడ రాదు.

కానీ వీటన్నిటికంటే ముందు ఫోల్డర్ మొత్తం రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేయండి. ప్రోగ్రాము ఒక్కటే కాదు, లెక్కలుండే డీబీఎఫ్ ఫైళ్లు, వాటి పక్కనే ఉండే సీడీఎక్స్, ఎఫ్‌పీటీ ఫైళ్లు అన్నీ. కాపీని మాత్రమే కొత్త కంప్యూటర్‌లో నడపండి. ఆ కాలపు కొన్ని ప్రోగ్రాములు మొదలవుతూనే ప్రాసెసర్ వేగాన్ని కొలుస్తాయి. ఇప్పటి వేగానికి ఆ భాగహారం తప్పి ఎర్రర్ వచ్చి ఆగిపోతాయి. మీది కూడా తెరిచీ తెరవగానే డివైడ్ అనే మాటతో ఆగితే భయపడకండి, డాస్‌బాక్స్‌లో వేగం తగ్గించి నడిపితే దాటుతుంది.

ఇంకో మంచి మాట. డీబీఎఫ్ ఫైళ్లు ఎక్సెల్ లాంటి లిబ్రెఆఫీస్ కాల్క్‌లో నేరుగా తెరుచుకుంటాయి. మీ నాన్నగారి కాలం నుంచి ఉన్న రైతు ఖాతాలన్నీ వరుసలుగా కనపడతాయి. ప్రోగ్రాము రాసినాయన లేకపోయినా లెక్కలు మీ చేతిలోనే ఉన్నాయన్నమాట. తెరిచి చూడండి, కానీ అందులో సేవ్ మాత్రం చేయకండి. ఎఫ్‌పీటీ ఫైళ్లతో ఉన్న ముడి తెగిపోతే పాత ప్రోగ్రాము మళ్లీ తెరవదు.

సీజన్ మొదలయ్యాక మొదటి పదిరోజులు పాత కంప్యూటర్‌లో కూడా అవే పట్టీలు కొట్టి, రెండిటి మొత్తాలూ సరిచూసుకోండి. రైతు డబ్బు విషయం, ఒక్క రూపాయి తేడా వచ్చినా మాట పోతుంది.

ప్రశ్న: అక్కా, నేను ఇంట్లోనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తాను, పెళ్లి బ్లౌజులు. డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్‌కి పెన్‌డ్రైవ్‌లాంటి డాంగిల్ ఉంది, అది తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. విండోస్ 7లో బాగా నడిచేది. కొత్త లాప్‌టాప్‌లో డాంగిల్‌ని గుర్తుపట్టడం లేదు. డాంగిల్ అక్కర్లేకుండా చేసిస్తాను, మూడువేలివ్వమని ఒకతను అంటున్నాడు. ఇవ్వనా?
— ఒక పాఠకురాలు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: ఇవ్వకు చెల్లీ. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ నీది. అలా తాళం పగలగొట్టినవాటితోపాటు ఏ వైరస్ వస్తుందో వాడికి కూడా తెలియదు, ఆ లాప్‌టాప్‌లోనే నీ ఫోన్‌పే, బ్యాంకు పనులు కూడా చేస్తుంటావు.

డాంగిల్‌ని నడిపేది డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము. డ్రైవర్ల దగ్గర విండోస్ ఏమాత్రం సర్దుకుపోదు. 32 బిట్ల డ్రైవరు 64 బిట్ల విండోస్‌లో ఎక్కదు, ఏ టిక్కు పెట్టినా అంతే. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని 64 బిట్ల డ్రైవరు ఉందేమో ముందు అడుగు. ఉంటే పది నిమిషాల పని. డ్రైవరు ఎక్కడానికి విండోస్ భద్రతలోని మెమరీ ఇంటెగ్రిటీ ఆపేయమని ఎవరైనా చెబితే మాత్రం వినకు, అది లాప్‌టాప్ మొత్తానికి కాపలా.

డ్రైవరు దొరకకపోతే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. కొత్త కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు చేస్తుంది. అందులో నీ దగ్గరున్న విండోస్ 7 సీడీతో, దాని కీతో విండోస్ ఎక్కించి, పాత డ్రైవరూ సాఫ్ట్‌వేరూ పెట్టు. తర్వాత వర్చువల్‌బాక్స్ మెనూలో యూఎస్‌బీ అన్నచోట నీ డాంగిల్ పేరుకి టిక్కు పెడితే, అది బయటి విండోస్‌ని వదిలి లోపలి విండోస్‌కి తగులుకుంటుంది. లోపలి విండోస్‌కి ఇంటర్నెట్ ఇవ్వకు, అక్కర్లేదు.

పూర్తయిన డిజైన్ల గురించి బెంగపడకు. డీఎస్‌టీ ఫైళ్లుగా (ఎంబ్రాయిడరీ మిషన్లకిచ్చే రకం) తీసినవాటిని చాలా మిషన్లు నేరుగా చదువుతాయి, వాటికి డాంగిల్‌తో పనిలేదు. కాకపోతే అందులో కుట్లే ఉంటాయి, దారం రంగులు ఉండవు. ఏ డిజైన్‌కి ఏ రంగులో ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టుకో. మార్పులు చేసుకోవడానికి అసలు ఫైళ్లు కావాలి కాబట్టి వాటిని కూడా దాచు.

పెళ్లిళ్ల ఆర్డర్లు చేతిలో ఉన్నప్పుడు ఇవేవీ మొదలుపెట్టకు. పాత కంప్యూటర్‌తోనే ఆ బ్లౌజులు పూర్తిచేసి ఇచ్చేసి, ఆషాఢంలో తీరిగ్గా కూర్చో.